ఎనిమిదైనా మోగని సైరన్

వెర్నా హూడాక్ పిల్లల్ని కళ్ళతో లెక్కపెట్టదు. ఒక్కొక్కరి నడినెత్తి మీద అరచెయ్యి ఆనించి, పైకి వినపడేలా అంకె చెబుతుంది. రోడ్డు దాటే ముందు ఒకసారి, దాటాక ఒకసారి, ఇంట్లోకి వచ్చాక మరోసారి. టామర్ గ్యాప్ అనే ఆ ఊళ్ళో ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటున్న కుర్రవాళ్ళలో సగం మంది నెత్తిన ఆ చెయ్యి పడి ఉన్నదే.

చొక్కాల ఫ్యాక్టరీ మూతపడిన ఏడు ఆమె ఈ పనిలోకి వచ్చింది. పదహారేళ్ళపాటు కాలర్లు కుట్టిన మనిషి. ఖాళీగా కూర్చుంటే పక్కింటావిడ, వారం రోజులు నా పాపను చూసిపెట్టవా అని అడిగింది. ఆ వారం కాస్తా ఇరవై నాలుగేళ్ళయింది. ముందుగదిలో సోఫా తీసేయించి పిల్లలకు చిన్న చిన్న కుర్చీలు వేసింది. ప్రభుత్వం వాళ్ళు వచ్చి, కిటికీలూ మెట్లూ కొలిచి, అనుమతి కాగితం ఇచ్చిపోయారు. ఆమె పిల్లల్ని ముద్దుచేసే రకం కాదు. తిండి వేళకే, అదీ చేతులు కడుక్కున్నాకే. అబద్ధమాడితే ఆటలేదు. తల్లిదండ్రులు చాటున ఆమెను ‘సార్జెంట్’ అనేవాళ్ళు. ఆమెకు తెలుసు. లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఊళ్ళో బొగ్గు గనులు ఎప్పుడో పోయాయి. హైవే పక్కన మైలు పొడుగు గోదాములు వెలిశాయి. పిల్లల అమ్మానాన్నలు వాటిల్లోనే షిఫ్టులు చేస్తారు. లోపలికి వెళ్ళేముందు ఫోన్లు అరల్లో పెట్టి తాళం వేసుకోవాలి. పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడిగే హాలోవీన్ పండక్కి సెలవడిగితే నవ్వుతారు. అందుకే ప్రతి అక్టోబరు ముప్ఫై ఒకటినా పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పే బాధ్యత వెర్నాదే అయింది. సాయంత్రం ఆరింటికి ఫైర్ స్టేషన్ సైరన్ మోగితే పిల్లలు వీధుల్లోకి రావాలి. ఎనిమిదింటికి మళ్ళీ మోగితే వరండాల్లో దీపాలు ఆరిపోతాయి, తలుపులు పడతాయి, వీధి చీకటైపోతుంది. ఊరు పుట్టినప్పటి నుంచీ అన్నట్టు అదే పద్ధతి.

ఆ ఏడాది ఆమె దగ్గర నలుగురు పిల్లలు. అయిదేళ్ళ జోరీ ఫైర్‌మన్ వేషం. కవల పిల్లలు హాటీ, కొరీన్ తేనెటీగలు. నలుగురిలోకీ చిన్నది కాలా. ఇంకా నాలుగు నిండలేదు. నల్ల బట్ట మీద తెల్ల ఎముకలు అచ్చువేసిన సూటు వేసుకుని, ముఖానికి పుర్రె మాస్కు తగిలించుకుని వచ్చింది.

“కాలా, మాస్కుల గురించి మన రూలేంటి?” అంది వెర్నా.

“వద్దని.”

“మరి ఇదేంటి?”

“మా అమ్మ కొంది. ఎముకలకి మొహం ఉండదు కదా మిస్ వెర్నా!”

తీసేయబోతే పిల్ల పెదవి వణికింది. తర్వాత కళ్ళు నిండాయి. తర్వాత నేల మీద కూలబడింది. సైరన్ మోగడానికి అయిదు నిమిషాలుంది. జోరీ అప్పటికే గుమ్మంలో గంతులేస్తున్నాడు. “సరే, ఈ ఒక్కసారికీ” అంది వెర్నా. ఇరవై నాలుగేళ్ళలో ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కించొచ్చు.

కాలా విషయంలో ఇంకో భయం ఎప్పుడూ ఉండేది. ఆ పిల్లకు వేరుశెనగ పడదు. రెండేళ్ళప్పుడు ఒక్క బిస్కెట్టు ముక్కకే గొంతు వాచిపోయి ఆసుపత్రి పాలైంది. అప్పటి నుంచి, అలాంటప్పుడు తొడలో పొడవాల్సిన రెండు సూదిమందు పెన్నులు వెర్నా నడుముకు కట్టుకునే సంచిలోనే ఉంటాయి. హాలోవీన్ రోజున ఊళ్ళో పంచే చాక్లెట్లలో సగం వేరుశెనగవే. అందుకే ఇంటికి చేరేదాకా ఎవ్వరూ ఏదీ నోట్లో పెట్టుకోకూడదని ఆరోజు పొద్దున్నుంచీ నాలుగుసార్లు చెప్పింది, పిల్లలచేత నాలుగుసార్లు అనిపించింది.

మొదటి గంటా బాగానే గడిచింది. చలి అంతగా లేదు. మేపుల్ వీధిలో గుంపులు గుంపులుగా జనం. ఆ వీధి మధ్యలో ఒకాయన ఏటా వరండాలో శవపేటిక పెట్టి, పొగ వదిలి, అందులోంచి తానే లేచి అరుస్తాడు. ఆ ఏడు కూడా లేచాడు. మెట్ల మీదున్న పాతికమంది పిల్లలూ ఒక్కసారిగా కెవ్వుమని కిందికి దూకారు. తేనెటీగలు రెండూ వచ్చి వెర్నా కోటు పట్టుకున్నాయి. జోరీ నవ్వుతూ వచ్చాడు. పుర్రె మాస్కు పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఒకటి, రెండు, మూడు, నాలుగు” అని నెత్తుల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టింది. నాలుగో నెత్తి మీద మాస్కు రబ్బరుతాడు అరచేతికి తగిలింది. సరిపోయిందనుకుని ముందుకు నడిచింది.

రెండు వీధులు దాటాక పుర్రె మాస్కుకు తుమ్ము వచ్చింది. ముక్కు తుడుద్దామని వెర్నా వంగి మాస్కు పైకెత్తింది. కింద ఉన్నది కాలా ముఖం కాదు. చామనఛాయ, ఉంగరాల జుట్టు, పెద్ద పెద్ద కళ్ళు. మగపిల్లాడు.

వెర్నా వాడి భుజాలు పట్టుకుంది. “నువ్వెవరు నాన్నా? నీ పేరేంటి?”

ఆమె ముఖం చూసేసరికి తాను పట్టుకున్నది తెలియని మనిషి చెయ్యని వాడికీ అప్పుడే అర్థమైంది. ఏడుపు లంకించుకున్నాడు.

“కాలా ఏదీ?” అన్నాడు జోరీ.

వాచీలో ఏడు ఇరవై ఆరు.

అప్పుడామె చేసిన పని తర్వాత ఎన్నాళ్ళో ఆమెను వదల్లేదు. ఎవరికీ చెప్పలేదు. దారిన పోతున్న వాళ్ళను ఆపలేదు. నలుగురు పిల్లల్నీ చేతులు పట్టించి, వచ్చిన దారినే వెనక్కి నడుస్తూ, “కాలా... కాలా...” అని గొంతు తగ్గించి పిలిచింది. ఎదురుపడి పలకరించిన వాళ్ళకు నవ్వు ముఖం కూడా పెట్టింది. ఎవరికీ తెలియక ముందే దొరికేస్తుందిలే, ఆ శవపేటిక ఇంటి ముందే నిలబడి ఉంటుందిలే అనుకుంది. సార్జెంటు చేతిలోంచి పిల్ల తప్పిపోయిందని ఊరంతా చెప్పుకోవడం ఆమె కళ్ళ ముందు కనపడింది. అలా నాలుగు నిమిషాలు పోయాయి. ఆ ఇంటి ముందు కాలా లేదు.

కొరీన్ ఏడుస్తూ అడిగింది: “కాలా చాక్లెట్ తినేస్తే చచ్చిపోతుందా?”

ఆ మాటతో వెర్నాకు మత్తు వదిలినట్టయింది. నడుము సంచి తడిమి చూసుకుంది. రెండు పెన్నులూ తన దగ్గరే ఉన్నాయి. పోలీసులకు ఫోన్ చేసి, పిల్ల పేరూ వయసూ వేషమూ చెబుతూనే ఫైర్ స్టేషన్ వైపు పరుగులాంటి నడక అందుకుంది.

స్టేషన్ ముందు బల్లలు వేసి ఆడవాళ్ళు చికెన్ సూప్ పోస్తున్నారు. ముగ్గురు పిల్లల్నీ వాళ్ళకు అప్పగించింది. కొత్త పిల్లాడు మాత్రం ఆమె చెయ్యి వదల్లేదు. లోపల గోడ గడియారం కింద చీఫ్ డ్వైట్ రెపర్ట్ నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు, చిన్నప్పుడు వెర్నా ఇంట్లో పెరిగినవాడే.

“డ్వైట్, ఎనిమిదింటికి సైరన్ మోగించకు.”

“అదేంటి మిస్ వెర్నా?”

“ట్రీనా కూతురు కాలా తప్పిపోయింది. నా చేతిలోంచే. సైరన్ మోగితే దీపాలన్నీ ఆరిపోతాయి. జనం లోపలికెళ్ళి తలుపులేసుకుంటారు. ఆ చీకట్లో దాన్ని ఎక్కడని వెతకను?”

డ్వైట్ గడియారం వైపు చూశాడు. “ఊరి పెద్దలు నా చర్మం వలుస్తారు. వలవనీ” అని టోపీ అందుకున్నాడు. “ఏ వేషం?”

“ఎముకల సూటు, పుర్రె మాస్కు. ఈ పిల్లాడి మీద ఉన్నదే, అచ్చం ఇదే.”

“ఇవాళ నేనే ఓ పదిమందిని చూశాను ఆ వేషంలో. ఊళ్ళో ఉన్న ఒక్క వేషాల కొట్లో అన్నీ అవే కదా అమ్మింది” అన్నాడతను నీరసంగా. అంతలోనే, “సరే. అందరి మాస్కులూ తీయిద్దాం” అన్నాడు.

ఫైరింజన్ నెమ్మదిగా మేపుల్ వీధిలోకి తిరిగింది. వెర్నా పిల్లాడి చెయ్యి పట్టుకుని పక్కనే నడిచింది. మైకులో డ్వైట్ గొంతు ఇళ్ళ గోడలకు తగిలి మోగింది: “ఒక పాప తప్పిపోయింది. మూడున్నరేళ్ళు, ఎముకల వేషం, పేరు కాలా. వరండా దీపాలు ఎవరూ ఆర్పొద్దు. ఎముకల వేషం వేసిన పిల్లలందరూ మాస్కులు తీసి ఉన్నచోటే నిలబడండి.”

అక్కడొకటి, ఇక్కడొకటి పుర్రెలు పైకి లేచాయి. కింద నుంచి చెమట పట్టిన ముఖాలు, చాక్లెట్ అంటిన మూతులు, ఊడిన పళ్ళు. వెర్నా ఒక్కొక్క ముఖం దగ్గరికీ వెళ్ళి చూసింది. ఏడుగురు. ఏ ఒక్కటీ కాలా కాదు.

ఎల్‌వుడ్ సైప్ అనే ముసలాయన తన వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. “ఈ కొత్తగా దిగినవాళ్ళ పనే ఇది” అన్నాడు గట్టిగా, నలుగురికీ వినపడాలని. “పోయినేడాది నుంచీ చూస్తున్నాం కదా. పిల్లని ఎత్తుకుపోయుంటారు.”

ఒకరిద్దరు తలలూపారు. వారం కిందట అయితే వెర్నా కూడా ఊపేదేమో. గోదాముల పనికని డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన కుటుంబాల గురించి ఆమె కూడా దుకాణంలో వరుసలో నిలబడి రెండు మాటలు అన్న మనిషే. కానీ ఇప్పుడు ఆ పిల్లాడి వేళ్ళు అయిదూ ఆమె బొటనవేలి చుట్టూ బిగుసుకుని ఉన్నాయి.

“నోరు మూసుకో ఎల్‌వుడ్! వాళ్ళ పిల్లాడు నా చేతిలో ఉన్నాడు, కనపడటం లేదా? ఎత్తుకుపోయింది నేనేనని అక్కడ వాళ్ళూ అనుకుంటూ ఉంటారు. ఊరికే నిలబడే బదులు నీ టార్చి తీసుకుని వెనక సందులో చూడు.”

ముసలాయన లోపలికి వెళ్ళాడు. టార్చితో బయటికి వచ్చాడు.

ఎనిమిదయింది. సైరన్ మోగలేదు. ఊళ్ళో చాలామంది అలవాటుగా తలెత్తి స్టేషన్ వైపు చూశారు. దీపాలు అలాగే వెలుగుతున్నాయి. అప్పటిదాకా మాస్కులు చూసి కేరింతలు కొట్టిన పిల్లలు తల్లుల ఒళ్ళో సద్దు చేయకుండా కూర్చున్నారు. పోలీసు కారు రెండు చక్కర్లు కొట్టింది. వాగు వైపు నలుగురు మగవాళ్ళు దిగారు. టార్చి వెలుగులు నీళ్ళ మీద పడుతుంటే వెర్నా అటువైపు చూడలేక ముఖం తిప్పుకుంది.

ఎనిమిదీ పదికి హైవే వైపు నుంచి ఒక పాత కారు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఫైరింజన్‌కు అడ్డంగా ఆగింది. బొద్దుగా ఉన్న ఒకాయన దూకి వెనక తలుపు తీశాడు. లోపల ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ పక్క సీటులో, బెల్టు కట్టి, ఎముకల సూటులో కాలా.

“పాపా!” అని ఈ పక్క నుంచి పిల్లాడు అరిచాడు. వాళ్ళ భాషలో తండ్రిని అలాగే పిలుస్తారు. వెర్నా చెయ్యి వదిలించుకుని అతని కాళ్ళకు చుట్టుకున్నాడు.

“నా వాడనుకున్నాను అమ్మా, నా యాండెల్ అనుకున్నాను” అతను వచ్చీరాని ఇంగ్లీషులో ఒకటే చెబుతున్నాడు. “పసిబిడ్డ బండి పట్టుకుని నా వెనకే చాలా వీధులు నడిచింది. బిడ్డ ఏడుస్తోంది, చీకటి, మాస్కు... కారెక్కించాను. దారిలో చాక్లెట్ ఇచ్చాను. తినడానికి మాస్కు తీసింది. అద్దంలో చూశాను. మా వాడు కాదు! దేవుడా, నా వాడు కాదు!”

“ఏం చాక్లెట్?” అంది వెర్నా.

అతనికి అర్థం కాలేదు. ఆమె అప్పటికే కారులోకి వంగింది. కాలా చేతిలో సగం కొరికిన ముక్క ఉంది. మూతి చుట్టూ ఎర్రటి దద్దుర్లు. పై పెదవి ఉబ్బి ఉంది. పిల్ల దగ్గుతోంది, ఆ దగ్గు చివర సన్నగా ఈల లాంటి చప్పుడు.

“మిస్ వెర్నా, గొంతు దురదగా ఉంది.”

“తెలుసమ్మా. నన్ను చూడు. నన్నే చూడు.”

బెల్టు విప్పి, పిల్లని సీటు మీదే వెల్లకిలా పడుకోబెట్టింది. ఏటా శిక్షణలో నారింజపండు మీద పొడిచి నేర్చుకున్న పనే. సంచిలోంచి పెన్ను తీసి, దాని నీలిరంగు మూత లాగింది. తొడ ఎముక బొమ్మ అచ్చువేసి ఉన్న చోటుకు కాస్త బయటివైపుగా, సూటు మీద నుంచే గట్టిగా అదిమింది. టక్‌మంది. కాలా ఒళ్ళంతా బిగదీసుకుని అరిచింది. వెర్నా మోచేత్తో పిల్ల మోకాలు కదలకుండా ఆపి, పైకి లెక్కపెట్టింది. అప్పుడు కూడా గొంతు అంకెలు తప్పలేదు. తీశాక, మళ్ళీ అవసరమవుతుందేమోనని రెండో పెన్నును డ్వైట్ చేతిలో పెట్టింది.

అంబులెన్సు రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ ఆమె పిల్ల ఛాతీ లేచి పడడం తప్ప మరేమీ చూడలేదు. ఈల చప్పుడు మెల్లగా తగ్గింది. దద్దుర్లు అలాగే ఉన్నాయి గానీ ఊపిరి సాఫీ అయింది. వెనక తండ్రి, విల్‌ఫ్రీదో అల్మోంటే అతని పేరు, కొడుకును భుజానికి ఎత్తుకుని నిలబడి నిశ్శబ్దంగా ఏడుస్తున్నాడు. ఎల్‌వుడ్ సైప్ అతనికో కుర్చీ తెచ్చి వేశాడు. క్షమాపణ చెప్పలేదు. కుర్చీ మాత్రం వేశాడు.

పిల్ల అంబులెన్సు ఎక్కాకే డ్వైట్ సైరన్ మోగించాడు. అప్పటికి ఎనిమిదిన్నర కావస్తోంది.

పోలీసులు గోదాముకు ఫోన్ చేసి కబురు పెడితే ట్రీనా పని బూట్లతోనే ఆసుపత్రికి వచ్చింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. ఒంటిచేత్తో కూతుర్ని పెంచుకుంటోంది. కాలా నిద్రపోతోంది, రాత్రంతా కనిపెట్టి చూస్తామన్నారు డాక్టర్లు. వరండాలో వెర్నా లేచి నిలబడింది.

“ఏం జరిగింది? నిజం చెప్పండి” అంది ట్రీనా.

వెర్నా చెప్పింది. మాస్కు తీయించకుండా ఊరుకున్నది చెప్పింది. నెత్తి మీద చెయ్యి పెట్టి తప్పు లెక్క పెట్టింది చెప్పింది. అక్కడితో ఆపేసి ఉండొచ్చు. మిగతాది ఎవరూ చూడలేదు. “ఇంకోటుంది. తెలిశాక నాలుగు నిమిషాలు ఎవరికీ చెప్పలేదు. నా పరువు చూసుకున్నాను” అంది.

ట్రీనా ముఖం తెల్లబారింది. “ఆ నాలుగు నిమిషాల్లో దానికేమన్నా అయ్యుంటే?”

“అయ్యుంటే నా దగ్గర జవాబు లేదమ్మా.”

“వెళ్ళిపోండి” అంది ట్రీనా. “దయచేసి నా కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోండి.”

మర్నాడు వెర్నా ప్రభుత్వ కార్యాలయానికి తానే కాగితం రాసింది. నాలుగు నిమిషాల సంగతీ రాసింది. వాళ్ళు వచ్చి రెండు రోజులు విచారించారు. అనుమతి రద్దు చేయలేదు గానీ, బయటికి తీసుకెళ్ళేటప్పుడు ఇంకో పెద్ద మనిషి తోడు ఉండి తీరాలని షరతు పెట్టి, హెచ్చరిక రాసి ఇచ్చారు. కవలల తల్లి పిల్లల్ని మాన్పించేసింది. జోరీ తల్లిదండ్రులు మాన్పించలేదు. రెండు వారాలపాటు ఆ ఇంట్లో ఒక్క జోరీయే ఆడుకున్నాడు. వాడికి తోచక, వెర్నానే రకరకాల జంతువులుగా నటించమని వేధించేవాడు. ఆమె నటించేది కూడా.

పదిహేనో రోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. ట్రీనా. చంకలో కాలా.

“వేరే చోట్లు నాలుగు చూశాను” అంది ట్రీనా గుమ్మంలోనే నిలబడి. “అందరూ మా దగ్గర ఎప్పుడూ ఏమీ జరగలేదనే చెప్పారు. మీరు మాత్రం నేను అడక్కుండానే చెప్పారు. నాకింకా కోపం పోలేదు మిస్ వెర్నా. పోతుందని కూడా చెప్పలేను. కానీ ఇంకోసారి ఏమన్నా అయితే, మొదటి నిమిషంలోనే నాకు తెలియాలి.”

“మొదటి నిమిషంలోనే” అంది వెర్నా.

కాలా చంకలోంచి జారి లోపలికి పరుగెత్తింది.

డిసెంబరులో యాండెల్ కూడా అక్కడికే రావడం మొదలుపెట్టాడు. విల్‌ఫ్రీదో షిఫ్టు మారిందట, వేరే ఎవరూ తెలియదట. వాడు మొదటి వారమంతా మాట్లాడలేదు. రెండో వారంలో కాలా వాడి బొమ్మకారు లాక్కుంటే నోరు విప్పాడు. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు.

మరుసటి ఏడు హాలోవీన్‌కు విల్‌ఫ్రీదో సెలవు కోసం నెల ముందు నుంచే మేనేజరు వెంట పడ్డాడు. దొరికింది. ఆరింటి సైరన్‌కు వెర్నా ముందూ, అతను వెనకా, మధ్యలో కొత్తగా చేరిన ఇద్దరితో కలిపి అయిదుగురు పిల్లలూ బయలుదేరారు. కాలా ఈసారి పోస్టుమన్. ముఖాన పెన్సిల్‌తో మీసం గీయించుకుంది, అంతే. మేపుల్ వీధి మొదట్లో వెర్నా ఒక్కొక్కరి గడ్డం కింద వేలు పెట్టి, ముఖం పైకెత్తి, పేరు పెట్టి పిలిచింది. పలికాకే వదిలింది.

“ఎందుకలా పిలుస్తున్నావ్? నేనిక్కడే ఉన్నాను కదా!” అంది కాలా విసుగ్గా.

“పలుకు” అంది వెర్నా.

“ఆఁ, వచ్చాను!” అని అరిచి, కాలా యాండెల్‌ను తోసుకుంటూ మొదటి ఇంటి మెట్లెక్కింది.